సంతకాల ఫీల్డ్‌వర్క్‌తో తయారైన సోషల్ వర్కర్ మన తండాకు ఏం చేస్తడు?

పోస్టు పెద్దగనే ఉన్నది. ఓపిక పట్టి చివరిదాకా చదవండి. తప్పనిపించిన దగ్గర కింద గట్టిగ అడగండి, జవాబు చెప్తం.

మేము ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరు జిల్లాల నుంచి ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతున్నోళ్ళం, చదివి బయటికి వచ్చినోళ్ళం. మా గురించి ఒక మాట చాలా రోజుల నుంచి వింటున్నం. "గిరిజన విద్యార్థులకు ఇంట్రెస్ట్ ఉండదు. హాస్టల్ కోసం, స్కాలర్‌షిప్ కోసం సీటు తీసుకుంటరు. క్లాసులో నోరు తెరవరు. ఫీల్డుకు పొమ్మంటే పోరు. అందుకే డిగ్రీ చేతికొచ్చినా పని చేతగాదు." ఇందులో చివరి ముక్క నిజమే. చాలామందికి డిగ్రీ వస్తున్నది గానీ పని వస్తలేదు. ఒక కేసు ముందర పెడితే ఎక్కడ మొదలుపెట్టాల్నో తెల్వని స్థితిలో పిల్లలు బయటికి వస్తున్నరు. కానీ దానికి కారణం మా ఇంట్రెస్ట్ అంటే మాత్రం ఒప్పుకోం. నేర్పాల్సిన దగ్గర నేర్పకుండా, నేర్చుకోలేదని పిల్లల మీద రాసేసే అలవాటు ఇది. దీని దెబ్బ మా ఉద్యోగాల మీద మాత్రమే పడితే ఇంత పెద్ద పోస్టు రాయకపోదుము. దెబ్బ పడేది తండాల మీద.

ఫీల్డ్‌వర్క్ అంటే ఏంది, ఏమైంది

ఈ కోర్సు తెల్వనోళ్ళ కోసం రెండు మాటలు. మిగతా పీజీలకు, ఎం.ఎస్.డబ్ల్యూ.కు ఉన్న అసలు తేడా ఫీల్డ్‌వర్క్. మన దగ్గర ఎక్కువ చోట్ల వారానికి రెండు రోజులు విద్యార్థి ఒక సంస్థకో, ఆసుపత్రికో, ఊరికో పోవాలె. చూసింది, చేసింది రిపోర్టు రాయాలె. సూపర్‌వైజర్ ఆ రిపోర్టు చదివి విద్యార్థిని ఎదురుగ కూర్చోబెట్టుకొని మాట్లాడాలె: ఆ తల్లి ఆ మాట అన్నప్పుడు నువ్వేమన్నవ్? ఎందుకట్ల అన్నవ్? ఇంకోలాగ అడిగితే ఏమైతుండె? దీన్ని ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్ అంటరు. ఆ తర్వాత అందరూ కలిసి గ్రూప్ కాన్ఫరెన్స్. నడుమ రూరల్ క్యాంపు. కోర్సు చివర బ్లాక్ ప్లేస్‌మెంట్. యూజీసీ 2001లో ఇచ్చిన నమూనా సిలబస్ కూడా ఫీల్డ్‌వర్క్‌ను కోర్సుకు కీలకంగనే పెట్టింది. డాక్టర్ చదువుకు వార్డు ఎట్లనో, సోషల్ వర్క్‌కు ఫీల్డు అట్ల.

ఇప్పుడు మాలో చాలామంది చూసింది చెప్తం. ఏ కాలేజీ పేరూ పెట్టం. పేరు పెడితే అక్కడ చదువుతున్న పిల్లల మీదికి వస్తది, పైగ ఇది ఒక్క కాలేజీ కథ కాదు.

మొదటి రోజు ఒక లెటర్ ఇచ్చి సంస్థకు పంపుతరు. అక్కడోళ్ళు "మంచిది, కూర్చోండి" అంటరు. రెండు వారాలు రిజిస్టర్లు కాపీ చేయిస్తరు, ఫైళ్ళు సర్దిస్తరు, మీటింగుకు కుర్చీలు వేయిస్తరు. సూపర్‌వైజర్ సెమిస్టర్ మొత్తంలో ఒక్కసారి వస్తే గొప్ప. చాలాచోట్ల ఆయన కూడా గెస్ట్ లెక్చరరే. గంటల లెక్కన జీతం, అది కూడా నెలలు ఆగి వస్తది, ఫీల్డుకు తిరగడానికి ఛార్జీలు ఎవరూ ఇయ్యరు. ఆయన ఒక్కన్నే తిట్టి లాభం లేదు. సెమిస్టర్ చివర రిపోర్టుల కట్టలు వస్తయి. ఎక్కడ ఏం రాసిన్రని చదివే తీరిక లేక, పేజీ పేజీకి ఒక సంతకం పడుతది. ఈ సంగతి జూనియర్లకు తెల్వడానికి ఎంతసేపు? కొందరు పాత రిపోర్టు తెచ్చి పేర్లు మార్చి రాస్తరు. ఫీల్డుకు పోయి నిజంగ రాసినోనికీ అదే మార్కు, రూములో కూర్చొని రాసినోనికీ అదే మార్కు. ఇక నిజంగ పోయినోడు రెండో సెమిస్టర్‌లో ఎందుకు పోతడు? ఇంట్రెస్ట్‌ను ఎవరు చంపుతున్నరు?

ఇంకో రకం ఫీల్డ్‌వర్క్ ఉన్నది, అవేర్‌నెస్ ప్రోగ్రాం. మర్రిగూడ దిక్కు ఊర్లకు పోయి ఫ్లోరైడ్ గురించి చార్టు పట్టుకొని చెప్పడం. నల్లగొండ ఫ్లోరైడ్ ఎంత పాత బాధ అంటే, నీళ్ళల్ల నుంచి దాన్ని తీసే పద్ధతికి ఒకదానికి మన జిల్లా పేరే పడ్డది. నాగపూర్ నీరి సంస్థ తయారుచేసిన దాన్ని ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అంటది. అసొంటి ఊర్లో, నడుము వంగిపోయి కట్టె పట్టుకొని కూర్చున్న తాతకు ఇరవై రెండేండ్ల పిల్లగాడు ఫ్లోరైడ్ అంటే ఏందో చెప్పుడు! ఆ తాతకు కావాల్సింది వైకల్య సర్టిఫికెట్. క్యాంపు ఎప్పుడో, ఏ కాగితాలు పట్టుకపోవాల్నో, పర్సెంటేజీ తక్కువ వేస్తే ఎవరికి దరఖాస్తు పెట్టాల్నో తెల్వాలె. ఆ తాతను వెంటబెట్టుకొని పోయి, లైన్లో నిలబెట్టి, పింఛను శాంక్షన్ అయ్యేదాకా వదలకుంటే అది కేస్ వర్క్. చార్టుతో ఫొటో దిగి ఇంటికొస్తే అది ఫొటో.

ఖర్చు సంగతి కూడా లెక్కలో పెట్టాలె. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ అయినయి, మంచిదే. మగపిల్లలకు టికెట్ ఉన్నది. బస్సే రాని తండాకు ఆడపిల్ల అయినా, మగపిల్లడైనా ఆటోకు ఇచ్చుకోవాల్సిందే. చందంపేట, నేరేడుగొమ్ము, అమ్రాబాద్, పదర దిక్కు లోపలి తండాలకు, పెంటలకు వారానికి రెండు రోజులు పోయి రావాలంటే ఎంతయితదో లెక్క కట్టండి. అమ్మానాయినలు పుణె, ముంబై పనులకు వలసపోయిన ఇంటి పిల్లగాడు, రియింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తదో తెల్వని పిల్లగాడు ఆ పైసలు ఎక్కడి నుంచి తెస్తడు? దగ్గరలో ఉన్న సంస్థ చూసుకొని సంతకం పెట్టించుకుంటడు. అప్పుడు "ఫీల్డుకు పోరు" అని రాస్తరు.

నోరు తెరవని పిల్ల

ఇంట్లో గోర్ బోలీ, హాస్టల్‌లో తెలుగు, నోట్స్‌లో ఇంగ్లీష్. మూడు భాషలు దాటుకొని వచ్చిన పిల్ల క్లాసులో చెయ్యి ఎత్తకపోతే ఆమెకు ఆసక్తి లేదని ఎట్ల తేలుస్తరు? అదే పిల్ల తండాకు పోయిన్నాడు బ్యాంకు కాగితం ఎవరికొచ్చినా చదివి చెప్పేది ఆమెనే. ఆశా వర్కర్‌కు, ముసలమ్మకు నడుమ మాట తిప్పి చెప్పేది ఆమెనే. నాయక్, కారోబారి, డావ్ కూర్చొని తగువు తీర్చేటప్పుడు ఎవరు ముందు మాట్లాడుతరు, ఎవరి మాట తర్వాత ఇక మాట ఉండదు, ఆడోళ్ళ గోడు ఏ మూల నుంచి వినిపిస్తది, ఇవన్నీ చిన్నప్పటి నుంచి చూసింది ఆమె. సోషల్ వర్క్ పుస్తకాల్లో కమ్యూనిటీ ఆర్గనైజేషన్ అనేదాన్ని ఆమె పుస్తకం కంటే ముందే చూసింది. ఆ సంగతి ఆమెను అడిగినోళ్ళు లేరు.

పరీక్షలో అడిగేది వేరే. లండన్‌లో ఛారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ 1869. చికాగోలో జేన్ ఆడమ్స్ హల్ హౌస్ 1889. మేరీ రిచ్‌మండ్ 'సోషల్ డయాగ్నోసిస్' 1917. మన దేశంలో మొదటి సోషల్ వర్క్ స్కూలు బొంబాయిలో 1936, ఇప్పటి టిస్. ఇవి చదవొద్దని అనం, చదవాలె. కానీ వీటిని తారీఖుల లెక్క బట్టీ పట్టిస్తున్నరు, వాటిలో ఉన్న సంగతి వదిలేస్తున్నరు. జేన్ ఆడమ్స్ చేసింది ఏంది? పొట్ట చేతబట్టుకొని వచ్చిన వలస జనం ఉండే వాడలోకి పోయి, అక్కడే ఇల్లు తీసుకొని, వాళ్ళ నడుమ బతికింది. వారానికి రెండు రోజులు పోయి సంతకం పెట్టించుకొని రాలేదు. బట్టీ పట్టిన ఆ పాఠాన్నే పాటిస్తే పాలమూరు లేబర్ బతుకు మీద మనోళ్ళు ఎన్ని మంచి పనులు చేస్తుండిరి!

ఇంకో మాట. సోషల్ వర్క్ అంటే ఏందని ప్రపంచం మొత్తం ఒప్పుకున్న నిర్వచనం ఒకటి ఉన్నది. అంతర్జాతీయ సోషల్ వర్కర్ల సమాఖ్య, సోషల్ వర్క్ స్కూళ్ళ సంఘం కలిసి 2014లో దాన్ని ఆమోదించినయి. ఈ వృత్తికి ఆధారమైన జ్ఞానాల్లో సామాజిక శాస్త్రాల పక్కనే మూలవాసుల జ్ఞానాన్ని కూడా అందులో పెట్టిన్రు. మన నోట్స్‌లో కూడా ఈ నిర్వచనం ఉంటది, ఐదు మార్కుల ప్రశ్న కింద. ఆ ప్రశ్నకు జవాబు రాసే లంబాడ పిల్లను, చెంచు పిల్లగాన్ని మాత్రం "మీ జ్ఞానం ఏంది, చెప్పు" అని క్లాసులో అడగరు. మనం రిపోర్టులో టార్గెట్ గ్రూపు. క్లాసులో నోరు లేనోళ్ళం.

రెండు నెలల గడువు

ఈ చదువు సరిగ లేకుంటే ఎవరికి నష్టమో చెప్పడానికి దూరం పోవాల్సిన పని లేదు. దేవరకొండ చాలు.

1999లో, మళ్ళీ 2001లో మన లంబాడ ఆడశిశువుల సంగతి దేశమంతా పత్రికలకెక్కింది. నల్లగొండ, మహబూబ్‌నగర్, రంగారెడ్డి తండాల నుంచి పసిపిల్లలను మధ్యవర్తులు కొద్దిపాటి డబ్బులు చేతిలో పెట్టి తీసుకుపోవడం, హైదరాబాద్‌లో దత్తత సంస్థలకు చేర్చడం, అక్కడి నుంచి విదేశాలకు పోవడం బయటపడ్డది. అప్పుడు చాలామంది "లంబాడోళ్ళు పిల్లలను అమ్ముకుంటరు" అన్నరు. ఇప్పటికీ అనేటోళ్ళు ఉన్నరు. మనలో పుట్టి చరిత్రకారుడైన భంగ్యా భూక్యా, గీతా రామస్వామి కలిసి దక్షిణ తెలంగాణ తండాల్లో ఆడపిల్లలను వదులుకోవడం మీద అధ్యయనం చేసిన్రు. దానికి పెట్టిన పేరులోనే లంబాడాలను ముట్టడిలో చిక్కిన సమాజం అన్నరు. ముట్టడి అనే మాట ఊరికే రాలేదు. పశువుల బేరం, సరుకు రవాణా మీద బతికిన జాతికి ఆ బతుకుతెరువు పోయింది. ఉన్న భూమి చెలక భూమి, వర్షం మీద ఆధారం. ఒకప్పుడు పిల్లగాని తరఫోళ్ళు ఓలి ఇచ్చి పిల్లను తీసుకుపోయేటోళ్ళు, ఆ ఓలి పోయి కట్నం వచ్చింది. మూడో పిల్ల, నాలుగో పిల్ల పుట్టిందంటే ఇంట్లో దీపం ఆరినట్టు అయింది. రుక్మిణీరావు గారి గ్రామ్య సంస్థ చందంపేట, దేవరకొండ ప్రాంతంలో ఏండ్ల తరబడి ఈ ఆడపిల్లల కోసం పని చేసిందంటే సమస్య ఎంత లోతుదో అర్థం చేసుకోవాలె.

ఇక చట్టం చూడండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, తల్లిదండ్రులు బిడ్డను సాదలేమని అప్పగించాలంటే బాలల సంక్షేమ కమిటీ ముందుకు రావాలె. కమిటీ విచారణ చేయాలె, కౌన్సెలింగ్ చేయాలె. సంతకం పెట్టినంక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఇయ్యాలె. ఆ రెండు నెలలే సోషల్ వర్క్. ఆ రెండు నెలల్లో ఆ తల్లి దగ్గరికి ఎవరు పోతరు? ఏ భాషలో మాట్లాడుతరు?

తెలుగు అంతంత మాత్రంగ వచ్చే పంతొమ్మిదేండ్ల బాలింత. పక్కన అత్త కూర్చున్నది. ఫారం చేతిలో పట్టుకొని పోయినామె "ఎందుకు వదులుకుంటున్నవమ్మా?" అని తెలుగులో అడిగితే, ఆ పిల్ల తల వంచుకొని "సాదలేం" అంటది. ఫారంలో 'పేదరికం' అని రాసి వస్తరు. కేసు అయిపోయింది. అత్తను ఏదో పని మీద పక్కకు పంపి, "యాడీ, నువ్వేమనుకుంటున్నవ్?" అని గోర్ బోలీలో అడిగే మనిషి పోతే వేరే మాట బయటికి వస్తది. భర్త పుణె పనికి పోయిండని, ఆయనకు అసలు సంగతే చెప్పలేదని రావచ్చు. పురుడు అయినప్పటి నుంచి నిద్ర లేదు, ఏడుపొస్తున్నదని రావచ్చు. అప్పుడు ఆమెకు కావాల్సింది ఫారం కాదు, ఆసుపత్రి. మధ్యవర్తి ఎవరో ఇప్పటికే వచ్చి పోయిండని కూడా బయటపడొచ్చు. అప్పుడు అది పోలీసు కేసు.

ఈ పని చేయడానికి మనసొక్కటే సరిపోదు. ఎవరిని ఏ వరుసలో కలవాలె, ఏది రాయాలె, ఏది రాయొద్దు, ఎవరికి ఎన్ని గంటల్లో చెప్పాలె, ఇవన్నీ నేర్చుకోవాలె. తప్పు చేసినప్పుడు పక్కన కూర్చొని సరిదిద్దే సూపర్‌వైజర్ ఉండాలె. మన చదువులో ఈ నేర్పు ఎక్కడున్నది? ఈ జిల్లాల్లో రెండేండ్లు ఎం.ఎస్.డబ్ల్యూ. చదివి, ఒక్కసారి కూడా బాలల సంక్షేమ కమిటీ ఎట్ల కూర్చుంటదో చూడకుండ బయటికొచ్చే పిల్లలు ఉన్నరంటే ఎవరు సిగ్గుపడాలె?

"మన పిల్ల అయితే చాలు" అనేది కూడా తప్పే

ఇక్కడ మనోళ్ళకు కూడా ఒక మాట చెప్పాలె, కోపం తెచ్చుకోవద్దు. మన భాష వచ్చినంత మాత్రాన, మన తండాలో పుట్టినంత మాత్రాన సోషల్ వర్కర్ అయిపోరు. నిజం చెప్పాలంటే లోపలి మనిషికి ట్రైనింగ్ ఇంకా ఎక్కువ కావాలె. కేసు పెట్టిన పిల్ల మనకు వరుసకు చెల్లె అయితది. కొట్టిన మొగుడు మన మేనత్త కొడుకు అయితడు. బాల్యవివాహం ఆపాల్సిన ఇంట్లోనే మొన్న తీజ్ పండుగకు అన్నం తిని వచ్చినం. నాయక్ పిలిచి "మన ఇంటి పరువు బయట పెడతవా?" అంటడు. అప్పుడేం చేయాలె? ఏ పాఠంలో ఉన్నది ఇది? బయటి నుంచి వచ్చిన ఉద్యోగి రాత్రికి బస్సెక్కి పోతడు. మనం అక్కడే పండుకోవాలె, అక్కడే పెండ్లిళ్ళు చేసుకోవాలె.

తండా పంచాయితీ మంచిదని గుడ్డిగ మొయ్యాల్సిన పని కూడా లేదు. అక్కడ ఆడోళ్ళ గొంతు ఎంత వినిపిస్తదో మనకు తెల్సు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు చాలా గ్రామ పంచాయతీలు అయినయి, మన ఆడోళ్ళు సర్పంచులు అయిన్రు. పేరుకు సర్పంచా, పనికి సర్పంచా అనేది తండా తండాకు వేరే ఉంటది. మనోళ్ళను ప్రేమిస్తూనే మనోళ్ళ తప్పును ఎదుర్కొనే నేర్పు క్లాసులో చర్చ పెట్టి నేర్పాలె. ఆ చర్చ పెడితే మేము నోరు తెరుస్తమో తెరవమో చూడండి!

ఇది కొత్త ఆలోచనేం కాదు

"ఇవన్నీ అయ్యే పనులా?" అనేటోళ్ళు ఉంటరు. అయిన పనే. 1943లో, నిజాం కాలంలో, ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకులనే తీసుకొని టీచర్ ట్రైనింగ్ పెట్టిన్రు. హైమండార్ఫ్ చొరవతో గోండీలో వాచకాలు తయారైనయి. గోండు పిల్లలకు గోండు పంతులు, గోండీలో మొదటి పాఠం. అంతకుముందు అదే హైమండార్ఫ్ మన అమ్రాబాద్ అడవిలో చెంచుల నడుమ ఉండి వాళ్ళ మీద పుస్తకం రాసిండు, అది కూడా అచ్చయింది 1943లోనే. ఎనభై ఏండ్ల కింద, కరెంటు లేని ఊర్లో, సర్కారు మనసు పెడితే స్థానిక పిల్లలను స్థానిక భాషలో తయారు చేయగలిగింది. ఇన్ని కాలేజీలు, ఇన్ని శాఖలు ఉన్న ఈ రోజుల్లో గోర్ బోలీ వచ్చిన కౌన్సెలర్లను తయారు చేయలేమా?

"ఉద్యోగాలెక్కడ ఉన్నయి?" అనేది ఇంకో ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. బాలల రక్షణ యూనిట్లు, సఖి సెంటర్లు, ఆసుపత్రి కౌన్సెలర్ పోస్టులు ఎక్కువ శాతం కాంట్రాక్టే. జీతం తక్కువ, రెన్యూవల్ భయం. ఈ కొట్లాట వేరే కొట్లాడాలె, కొట్లాడుదాం. కానీ ఉద్యోగం గట్టిది కాదు కాబట్టి చదువు కూడ మెత్తగ ఉన్నా ఫర్వాలేదంటే, ఆ కాంట్రాక్టు మనిషి ముందు కూర్చున్న బాలింత గతేంది? జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేట్ పక్కన ఇద్దరు సోషల్ వర్కర్లు సభ్యులుగ ఉండాలని, అందులో ఒకరు ఆడమనిషి ఉండాలని చట్టం చెప్తది. ఆ కుర్చీల్లో రేపు మనోళ్ళు కూర్చోవాలంటే ఇయ్యాల్టి నుంచి అనుభవం కూడబెట్టుకోవాలె.

"మాది గ్రూప్స్ ప్రిపరేషన్, ఎం.ఎస్.డబ్ల్యూ. హాస్టల్ కోసమే" అనే తమ్ముళ్ళను మేము తిట్టం. హాస్టల్ లేకుంటే చదువే లేని ఇండ్లు మనవి. కానీ తమ్మీ, రేపు నువ్వు పంచాయతీ సెక్రటరీ అయినా, ఎస్సై అయినా, డిప్యూటీ కలెక్టర్ అయినా అదే బాలింత నీ ముందుకు వస్తది. అప్పుడు ఈ రెండేండ్ల చదువే పనికొస్తది.

మేము అడిగేది

1. ఫీల్డ్‌వర్క్ మార్కులు పేజీల లెక్కన వేయొద్దు. ఒక్కో విద్యార్థి ఏడాదిలో కనీసం రెండు కేసులు మొదటి నుంచి చివరిదాకా నడపాలె. పింఛను కావచ్చు, బడి మానేసిన పిల్ల కావచ్చు, టీబీ మందులు ఆపిన మనిషి కావచ్చు. పని తెగిందా లేదా, తెగకపోతే ఎక్కడ ఆగింది, దాని మీద మార్కులు పడాలె.

2. సూపర్‌వైజర్ ఫీల్డుకు రావాలె, రావడానికి ఆయనకు ఛార్జీలు ఇయ్యాలె. గెస్ట్ లెక్చరర్ల జీతాలు ఆపొద్దు. వాళ్ళ కడుపు మాడితే మాకు చదువు రాదు.

3. విద్యార్థికి ఫీల్డ్‌వర్క్ ప్రయాణ భత్యం స్కాలర్‌షిప్‌తో సంబంధం లేకుండ నెలనెలా రావాలె.

4. బ్లాక్ ప్లేస్‌మెంట్‌లు జిల్లా బాలల రక్షణ యూనిట్, బాలల సంక్షేమ కమిటీ, సఖి సెంటర్, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, మన్ననూరు ఐటీడీఏ, తండా గ్రామ పంచాయతీల్లో పెట్టాలె. పని నేర్పే బాధ్యత ఎవరిదో ముందే కాగితం మీద ఉండాలె.

5. గోర్ బోలీలో కౌన్సెలింగ్‌ను ప్రాక్టికల్‌గ నేర్పాలె, పరీక్షించాలె. ఆ భాష రాని విద్యార్థులు కూడా కనీస మాటలు నేర్చుకోవాలె. చెంచు పెంటలకు పోయేటోళ్ళు ముందుగ ఆ అడవి బతుకు తెల్సుకొని పోవాలె.

6. ఏడాది చివర విద్యార్థి పనిచేసిన తండా నుంచి అంగన్‌వాడీ టీచర్, ఆశా, మహిళా సంఘం మనిషి వచ్చి "ఈ పిల్ల మాకేం చేసింది" అని చెప్పాలె. ఆ మాటకు మార్కులుండాలె. మన నుంచి తీసుకున్న సర్వేల ఫలితం కూడా తండాలో చదివి వినిపించాలె.

చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

అడిగినయన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. హాస్టల్‌లో వారానికొక సాయంత్రం ఐదారుగురు కూర్చోండి. ఒకరు తల్లి కావాలె, ఒకరు అత్త, ఒకరు సోషల్ వర్కర్. గోర్ బోలీలో మాట్లాడండి, మిగతావాళ్ళు తప్పులు చెప్పాలె. జువెనైల్ జస్టిస్ చట్టం, పోక్సో చట్టం, బాల్యవివాహ నిషేధ చట్టం, వెట్టిచాకిరి రద్దు చట్టం తెలుగులో దొరుకుతయి. ఒక్కో వారం ఒక్కోటి చదవండి. ఒక దరఖాస్తు సొంతంగ, సగం పేజీలో, తారీఖుతో, జతపరిచిన కాగితాల లిస్టుతో రాయడం నేర్చుకోండి. దరఖాస్తు ఇచ్చినంక రసీదు అడగడం నేర్చుకోండి. సగం సోషల్ వర్క్ ఆ రసీదులోనే ఉన్నది.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్నం. ఫీల్డుకు పోయి హోంలో పిల్లలతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టే అలవాటు ఇయ్యాల్టితో బంద్ కావాలె. రక్షణ అవసరమున్న పిల్లల పేరు, ఫొటో, బడి, ఊరు బయట పెట్టొద్దని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. శిక్ష సంగతి అటుంచండి. మన తండా పిల్ల ఫొటో మనమే వందమందికి చూపిస్తే, రేపు ఆ తల్లి మనకు తలుపు తీస్తదా?

చివరగ ఒక పని. ఈ పోస్టు కింద మూడు సంగతులు రాయండి: మీరు ఏ మండలంలో ఫీల్డ్‌వర్క్ చేసిన్రు, సూపర్‌వైజర్ ఎన్నిసార్లు ఫీల్డుకు వచ్చిండు, మీ చేతుల మీదుగ చివరిదాకా తెగిన కేసులు ఎన్ని. కాలేజీ పేరు అక్కర్లేదు, సార్ల పేర్లు అక్కర్లేదు, కేసులో ఉన్న మనుషుల పేర్లు అస్సలు రాయొద్దు. రాయడానికి ఇబ్బంది ఉంటే గ్రూపు అడ్మిన్లకు విడిగ పంపండి. రెండు జిల్లాల లెక్క ఒక్కచోట చేరినంక, విజ్ఞాపన పత్రం తయారుచేసి ఇయ్యాల్సినోళ్ళందరికీ ఇస్తం, రసీదు తీసుకుంటం. "మీకు ఇంట్రెస్ట్ లేదు" అన్నోళ్ళ ముందు అప్పుడు ఆ లెక్క పెడుదాం.

జై సేవాలాల్! జై భీం!